ఆ గాలి హోరు నీకు వినిపించింది, మీ బావకు వినిపించలేదు

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. వయసు 23, మొబైల్ రిపేరు షాపులో పని చేస్తున్నాను. నెల కిందట తెలుగు డబ్బింగ్‌లో ఒక ఇంగ్లిష్ హారర్ సినిమా చూశాను. చిన్న బడ్జెట్‌ది. ఐదుగురు స్నేహితులు సముద్రం మధ్య ఒక దీవికి వెళ్తారు, పడవ ఇంజను చెడిపోతుంది, రాత్రి ఇసుకలో ఏదో నడుస్తుంది. అంతే కథ. రాత్రి ఒక్కణ్ణే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను, నిజంగా భయపడ్డాను. బాగా నచ్చి ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిచి టీవీలో వేశాను. నవ్వులే నవ్వులు. విశాఖ నుంచి వచ్చిన మా బావ అయితే దాన్ని ముందే రైల్లో ఫోన్లో చూసేశాడట. "రబ్బరు దెయ్యం, ఐదు రూపాయల సినిమా" అన్నాడు. ఒక స్నేహితుడు "అరగంట దాకా ఏమీ జరగదు" అని లేచిపోయాడు. మా పిన్ని కూతురు "ఆ దీవి మనుషుల్ని అలా చూపించడం నాకు నచ్చలేదు" అంది. అందరూ నా వైపు చూస్తే నేను కూడా "అవును, చెత్తే" అనేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నాకు టేస్ట్ లేదా? సినిమా బాగుందో లేదో ఎవరి మాట పట్టుకుని తేల్చుకోవాలి? మేం నలుగురం కలిసి ఫోన్‌తో ఒక చిన్న హారర్ సినిమా చిలికా దీవిలో తీద్దామనుకున్నాం. మానేయమంటారా?

సమాధానం:

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడు పేజీలు. ఇక్కడ కుదించి వేశాను గానీ మొత్తం రెండుసార్లు చదివాను. రెండున్నర పేజీల నిండా మిగతావాళ్ళు ఏమన్నారో ఉంది. నీకేమనిపించిందో మాత్రం చివర్లో, సంతకానికి పైన, ఒక్క వాక్యంలో ఇరికించావు. "అందులో గాలి హోరు వింటుంటే ఫైలిన్ రాత్రి గుర్తొచ్చింది అక్కా, ఇది చెబితే ఇంకా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు" అని. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబు అక్కడే ఉంది.

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దసరా రోజులు. గాలి గంటకు రెండొందల కిలోమీటర్ల వేగం. గోపాల్‌పూర్ నుంచి బరంపురం పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. నీకప్పుడు పదకొండేళ్ళు ఉండి ఉంటాయి. ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరూ నిద్రపోయి ఉండరు.

నేనుండేది పర్లాకిమిడిలో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము నాకు అలాంటిదే. గాలి ముందు సన్నగా, వీధి తలుపు తాళం రంధ్రంలోంచి ఎవరో పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు వచ్చింది. కాసేపటికి ఆ సన్నటి శబ్దం కింద ఇంకో శబ్దం మొదలైంది. అది చెవి కంటే ముందు కూర్చున్న మంచానికి తెలిసింది. నీళ్ళు రాకుండా తలుపు కింద దుప్పటి చుట్టి పెట్టాం. అది దానంతట అదే బెత్తెడు లోపలికి జరిగింది. నేనూ మా అత్తగారూ మాట్లాడుకోకుండా ఆ దుప్పటినే చూస్తూ కూర్చున్నాం. తలుపు అవతల ఉన్నది గాలేనని ఇద్దరికీ తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. నువ్వు చెప్పిన సినిమా దొరికితే నేనూ చూశాను, రెండుసార్లు. పేరు ఇక్కడ రాయడం లేదు. మన మాటలు ఆ ఒక్క సినిమా గురించే కావు కదా. మొదట మధ్యాహ్నం పూట, వంటింట్లో పని చేసుకుంటూ, ఫోన్ బల్ల మీద ఆనించి చూశాను. ఏమీ అనిపించలేదు. మీ బావ మాటే కరెక్టేమో అనుకున్నాను. రెండోసారి రాత్రి పదకొండుకి, దీపాలు ఆర్పి, మా అబ్బాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. పడవ ఇంజను ఆగిపోయిన తర్వాతి సీను గుర్తుందా? ఆ అమ్మాయి గుడిసెలో పడుకుని కొబ్బరాకుల గోడ వైపు చూస్తుంటుంది. బయట గాలి. ఆ గాలి కింద, మా మంచానికి తెలిసిన ఆ రెండో శబ్దం. ఇయర్‌ఫోన్స్ తీసి మా తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చాను.

మధ్యాహ్నం ఆ శబ్దం నాకు ఎందుకు వినబడలేదో ఫోన్లు రిపేరు చేసే నీకు వేరే చెప్పక్కర్లేదు. ఫోన్ స్పీకరు ఎంత ఉంటుంది, వేలిగోరంత. బరువైన, కింది స్థాయి శబ్దాలు దాంట్లోంచి రావు. మాటలు వస్తాయి, కేకలు వస్తాయి, సన్నటి ఈల వస్తుంది. గాలి హోరులో కడుపు తిప్పే భాగం మాత్రం అందులోంచి బయటికి రాదు. పైగా మీ బావ ఉన్నది రైల్లో. చక్రాల చప్పుడు, టీ అమ్మేవాళ్ళ కేకలు. పట్టపగలు కిటికీ పక్కన కూర్చుంటే ఫోన్లో చీకటి సీను వచ్చినప్పుడు ఏం కనిపిస్తుంది? మన ముఖమే కనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసిన సినిమాలో ఆ హోరు లేదు, ఆ చీకటీ లేదు. మిగిలింది రబ్బరు దెయ్యమే, అదే చెప్పాడు. నువ్వూ ఆయనా ఒకే పేరున్న రెండు వేరు వేరు సినిమాలు చూశారు.

అందుకే ఎవరైనా ఏ సినిమా గురించైనా, ముఖ్యంగా హారర్ సినిమా గురించి, బాగుందనో బాగాలేదనో అంటే నేను ముందు అడిగేది ఎలా చూశావని. ఎప్పుడు, ఎవరితో, ఎంత తెర మీద, మధ్యలో ఎన్నిసార్లు లేచి, ఎన్ని సీన్లు ముందుకు జరిపి? ఇది చెప్పని అభిప్రాయం నాకు సగమే. కామెడీ పదిమందితో చూస్తే పెరుగుతుంది. భయం అలా కాదు. హాలు చీకట్లో మూడొందల మంది ఊపిరి బిగబడితే పెరుగుతుంది. ఆదివారం మధ్యాహ్నం, కిటికీలు తెరిచిన గదిలో, పకోడీల పళ్ళెం చుట్టూ కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కడు నవ్వినా ఇక అంతే. భయపడుతున్న మనిషికి నవ్వు దొరికితే దాన్ని వదలడు. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఒకరిద్దరు భయపడే నవ్వి ఉంటారని నా అనుమానం.

ఇక రబ్బరు సంగతి. ఇందులో మీ బావకు కొంత మార్కులు వేస్తాను, కొంత వేయను.

చిన్నప్పుడు సెలవులకి బరంపురంలో మా పెద్దమ్మ ఇంటికి వచ్చేవాళ్ళం. ఒకసారి ఠాకురాణీ జాతర రోజుల్లో వచ్చాం. నువ్వు ఆ ఊరివాడివి, నీకు తెలుసు. రెండేళ్ళకోసారి అమ్మవారు ఆడపడుచులా పుట్టింటికి వస్తుంది, ఊరంతా మొక్కుకున్నవాళ్ళు వేషాలు కట్టి తిరుగుతారు. ఒక సాయంత్రం టీ బడ్డీ దగ్గర పులి వేషం కట్టిన మనిషి నిలబడి టీ తాగుతున్నాడు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు. తోక నేల మీద పడి మురికి కాకుండా ముంజేతికి చుట్టుకున్నాడు. మెడ దగ్గర చెమటకి రంగు కరిగి అసలు చర్మం కనిపిస్తోంది. గ్లాసు పట్టుకున్న చేతికి గడియారం ఉంది. ఇవన్నీ నేను చూశాను, మనిషేనని తెలుసు. అయినా ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు తిరగ్గానే పెద్దమ్మ ఇంటి దాకా ఆగకుండా పరుగెత్తాను. వేషమని తెలిస్తే భయం పోతుందన్న మాట ఆ రోజు నుంచీ నేను నమ్మను.

కాబట్టి "రబ్బరని తెలిసిపోతోంది" అంటే సరిపోదు. ఆ రబ్బరును ఎలా వాడారు? దాన్ని అడగాలి. ఈ సినిమాలో చివరి పావుగంట ఆ ఆకారాన్ని పట్టపగలు, ఎండలో, నిలువెత్తున నిలబెట్టి చూపించారు. మెడ వెనక కుట్టు కూడా కనబడుతుంది. అక్కడ మీ బావతో నేను ఏకీభవిస్తాను. అప్పటిదాకా ఇసుకలో అడుగులతో, ఊగే కొబ్బరాకుతో ఒళ్ళు జలదరింపజేసినవాళ్ళు తమ పనితనం మీద తామే నమ్మకం పోగొట్టుకున్నారు. చూపించకపోవడంలో ఉన్న బలం తెలియాలంటే "జాస్" సంగతి చూడు. 1975 నాటి ఆ సినిమాకి యంత్రపు సొరచేపను చేయిస్తే ఉప్పునీళ్ళలో అది మాటిమాటికీ మొరాయించింది. చేసేది లేక దర్శకుడు స్పీల్‌బర్గ్ చేపను వదిలేసి నీళ్ళను చూపించాడు, సంగీతం వినిపించాడు. చేప పూర్తిగా కనబడేసరికి గంట దాటిపోతుంది. అది చిన్న బడ్జెట్ సినిమా కాదు, అయినా దాన్ని గట్టెక్కించింది ఆ లేమే.

"ఐదు రూపాయల సినిమా" అన్నమాట మాత్రం నాకు నచ్చలేదు. ఎంత ఖర్చయిందన్నది లెక్కల పుస్తకంలో ఉండాల్సిన సంగతి. 1960ల చివర్లో ఫిలిప్పీన్స్ అడవుల్లో, దీవుల నేపథ్యంతో "బ్లడ్ ఐలాండ్" పేరు చుట్టూ వరసగా కొన్ని చౌక హారర్ సినిమాలు తీశారు. అమెరికాలో ఒకటి ఆడించినప్పుడు ప్రేక్షకులకి ఆకుపచ్చ ద్రవం పొట్లాలు పంచి, ప్రమాణం చేసి తాగమన్నారు. ఆకుపచ్చ రక్తం అన్నమాట! అంత బజారు సినిమాలు. వాటి దర్శకుల్లో ఒకరు ఎడ్డీ రొమెరో. 2003లో ఆ దేశం ఆయనకి జాతీయ కళాకారుడి గౌరవం ఇచ్చింది. ఆయన తర్వాత తీసిన గొప్ప సినిమాలకే ఆ గౌరవం, నిజమే. కానీ తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో, వాన వచ్చేలోపు షాట్ తీసేసే పని ఆయన చేసింది ఆ దీవి సినిమాల్లోనే.

అరగంట ఏమీ జరగలేదని లేచిపోయిన స్నేహితుడి గురించి ఎక్కువ చెప్పను. నెమ్మదిగా సాగడం కొందరికి సరిపడదు, అది తప్పూ కాదు. అయితే అతని మాట విన్నాక 1943లో వచ్చిన "ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ" గుర్తొచ్చింది. అదీ కరీబియన్ దీవి కథే. నిర్మాత వాల్ ల్యూటన్‌కు స్టూడియో సినిమా పేరు ముందే ఇచ్చేసి, బడ్జెట్‌కు గట్టి హద్దు పెట్టి సినిమా తీయమంది. అందులో ఒక నర్సు తన రోగిని వెంటబెట్టుకుని రాత్రి చెరుకు తోటలోంచి నడుస్తుంది. మాటల్లేవు, సంగీతం లేదు. వినిపించేదంతా దాదాపు చెరుకు ఆకుల్లో గాలే. దర్శకుడు జాక్ టూర్నర్ ఆ తోటను స్టూడియోలోనే వేయించాడు. అస్కా వైపు చెరుకు పొలాల గట్టు మీద చీకటి పడ్డాక ఒక్కసారైనా నడిచినవాళ్ళకి ఆ సీను గురించి వివరించి చెప్పే పని ఉండదు. వచ్చిన కొత్తలో దాన్ని తీసిపారేసిన విమర్శకులున్నారు. ఇప్పుడు క్లాసిక్ అంటున్నారు. సినిమా అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

ఇంకో ఇద్దరు డబ్బింగ్ దరిద్రంగా ఉందనీ, రాత్రి సీన్లు రాత్రిలా లేవనీ అన్నారని రాశావు. ఇవి సరైన ఫిర్యాదులే. కారణం తెలిస్తే వాటిని ఇంకా గట్టిగా చెప్పొచ్చు, లేదా కొంత క్షమించొచ్చు. సముద్రం ఒడ్డున మాటలు రికార్డు చేయడం నరకం. ఒక్కో షాట్‌లో అల ఒక్కోలా విరుగుతుంది, ఆ ముక్కలు అతికిస్తే శబ్దం ఎగిరెగిరి పడుతుంది. అందుకని నటుల చేత మాటలన్నీ తర్వాత స్టూడియోలో మళ్ళీ చెప్పిస్తారు. అప్పటికే సగం ప్రాణం పోతుంది. దాని మీద మళ్ళీ తెలుగు డబ్బింగ్. పెదవి ఒకలా, మాట ఒకలా, గొంతు గదిలోంచి, మనిషి ఒడ్డు మీద. రాత్రి సీన్ల సంగతి వేరు. దీవికి జనరేటర్లు, పెద్ద లైట్లు పడవల్లో మోసుకెళ్ళాలంటే డబ్బు కావాలి. లేకపోతే పగలే తీసి, కెమెరాలోకి వెలుగు తగ్గించి, నీలం రంగు పులిమి రాత్రంటారు. ఇసుక మీద నీడ గమనించు. నీడ నల్లగా, అంచు పదునుగా ఉంటే పైన ఉన్నది సూర్యుడే. పోనీ సంధ్య వేళ తీద్దామంటే ఉష్ణమండలంలో పొద్దు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతుంది, ఆ వెలుగు ఎక్కువసేపు నిలవదు. గోపాల్‌పూర్ బీచ్‌లో నువ్వు చూసే ఉంటావు, బజ్జీలు కొనుక్కుని వచ్చేలోపు చీకటి పడిపోతుంది.

నేను ఈ తప్పుల్ని రెండు రాశులుగా విడదీస్తాను. డబ్బు లేక చేసినవి ఒక రాశి: నీలం రాత్రులు, అతకని గొంతులు, ఐదుగురే మనుషులు. వీటిని చూస్తాను, చెబుతాను, తిట్టను. డబ్బు ఖర్చు లేకుండానే సరిచేయగలిగి కూడా చేయనివి ఇంకో రాశి. ఆ సినిమాలో ఒకడికి కాలు విరుగుతుంది, రెండు సీన్ల తర్వాత వాడు పరుగెడుతుంటాడు. నీళ్ళ మధ్య ఉన్న మనుషులకి తాగే నీళ్ళ గురించి ఒక్కసారి కూడా దిగులుండదు. దీన్ని నేను ఒప్పుకోను. కాగితం మీద దిద్దుకోవడానికి పైసా ఖర్చు కాదు.

మీ పిన్ని కూతురి మాట దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టి వెళ్ళిపోయావు. నాకు మాత్రం ఆ రోజు ఆ గదిలో అందరికంటే బాగా సినిమా చూసింది ఆ అమ్మాయే అనిపించింది. ఆ దీవిలో నివసించే మనుషులున్నారు కదా, ఒంటికి బూడిద పూసుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా, చెట్ల చాటు నుంచి చూస్తుంటారు. వాళ్ళకి పేర్లు లేవు. పిల్లలు లేరు, పొయ్యి లేదు, జోకులు లేవు. ఊరికే భయపెట్టడానికి పెట్టారు. దీవి హారర్ సినిమాలకి ఇది పాత జబ్బు. జాంబీ అన్న మాటే హైతీ నుంచి వచ్చింది. అక్కడ చెరుకు తోటల్లో బానిసలుగా ఒళ్ళు హూనమైన మనుషులకి, చచ్చాక కూడా చాకిరీ తప్పదేమోనన్న భయంలోంచి పుట్టిన కథ అది. హాలీవుడ్ ఆ భయాన్ని తెచ్చుకుని, భయపడినవాళ్ళనే భూతాల్ని చేసింది.

మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు తమ్ముడూ. మన చుట్టూ కొండలున్నాయి. కొండల మీది మనుషుల గురించి కింద ఊళ్ళలో ఎన్ని మాటలు వినలేదు? చిల్లంగి పెడతారట, చేతబడి చేస్తారట అని. ఆ అనుమానంతోనే మన రెండు రాష్ట్రాల సరిహద్దు ఊళ్ళలో మనుషుల్ని కొట్టారు, చంపారు. మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి ఒడిశాలో 2013లో ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. తెర మీద చెట్టు చాటు నుంచి చూసే ఆ పేరులేని మనిషి ఊరికే పోడు, చూసినవాళ్ళ తలలో ఎక్కడో ఉండిపోతాడు. మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు మేష్టారుగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆయన పేరు చెప్పుకుని వాడుక భాషలో రాస్తున్న మనం, కొండ మనిషిని మాటలు రాని భూతంగా చూపిస్తే ఊరుకోవడం బాగుండదు. నీకు ఆ సినిమా నచ్చింది, నాకూ సగం నచ్చింది. అయినా ఇది అందులో ఉన్న అసలు తప్పు, రబ్బరు కుట్టు కంటే పెద్ద తప్పు. నచ్చిన సినిమాలో తప్పు ఒప్పుకుంటే నచ్చడం అబద్ధమైపోదు. మీ పిన్ని కూతురితో ఒకసారి తీరిగ్గా మాట్లాడు.

ఇక నీకు గుచ్చుకుంటున్న ఆ మాట, "అవును, చెత్తే" అన్నది. అందరూ నవ్వుతుంటే ఒక్కడూ ఎదురు నిలబడటం కష్టం, అందులో బావ ముందు. బావామరుదుల మధ్య వెక్కిరింత ఎలాగూ ఉండేదే, నువ్వు బాగుందంటే ఆయన నాలుగు రోజులు ఆట పట్టించేవాడు, అంతకంటే ఏం కాదు. నిన్ను బాధపెడుతున్నది ఆయన వెక్కిరింత కాదని నాకు తెలుస్తోంది. పదకొండేళ్ళప్పుడు పడ్డ భయాన్ని కూడా ఆ మాటతో చెత్త కింద తోసేసినట్టు నీకే అనిపించింది. అందుకే గుచ్చుకుంటోంది.

ఆయనకి ఫోన్ చేసి సినిమా గొప్పదని వాదించకు. అభిప్రాయంతో గెలవడం అనేది లేదు, ఇద్దరూ అలిసిపోతారు. ఇలా చెప్పు: "బావా, ఆ రోజు నేను చెత్త అన్నాను గానీ నాకు నచ్చింది. గుడిసెలో గాలి సీను వింటే ఫైలిన్ రాత్రి గుర్తొచ్చింది. మా నాన్న తలుపుకి వీపు ఆనించి తెల్లవార్లూ కూర్చున్నాడు." నాన్న సంగతి నీ ఉత్తరంలో మొదటి పేజీలో ఏదో మాటల్లో రాశావు, నువ్వే మర్చిపోయి ఉంటావు. ఇది వింటే ఆయన నవ్వడని నా నమ్మకం. మీ అక్క అయితే అస్సలు నవ్వదు, ఆవిడా ఆ రాత్రి ఆ ఇంట్లోనే ఉంది కదా. వీలైతే ఇంకోసారి బరంపురం వచ్చినప్పుడు ఆయనకి నీ హెడ్‌ఫోన్స్ ఇచ్చి, లైటు ఆర్పి, ఆ ఒక్క సీను, ఆరు నిమిషాలు, వినిపించు. అప్పటికీ నచ్చకపోతే సరే, ఆయన చెవులు ఆయనవి.

టేస్ట్ గురించి అడిగావు. ఏ సీను దగ్గర, ఏ శబ్దానికి, ఎందుకు భయపడ్డావో చెప్పగలిగినవాడికి టేస్ట్ లేదని నేననుకోను. నీకు లేనిది అలవాటు, చెప్పే అలవాటు. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకో. సినిమా అయిన పది నిమిషాల్లోపు, ఎవరి మాటా వినకముందు, నాలుగు లైన్లు రాయి. ఎక్కడ చూశావు, ఎక్కడ ఒళ్ళు జలదరించింది, ఎక్కడ ఫోన్ వైపు చూపు పోయింది. మంచి మాటలు వెతకొద్దు, నాకు ఉత్తరం రాసిన భాషే చాలు. మిగతావాళ్ళు చెప్పింది తర్వాత చదువు, కచ్చితంగా చదువు. ముఖ్యంగా నీకు పడని మాట చెప్పినవాళ్ళది.

సినిమా మానొద్దు. చిలికా మాత్రం మానండి, కనీసం ఈసారికి. కాళీజాయి దీవి కథ నీకు తెలిసిందే. అత్తవారింటికి పడవలో వెళ్తున్న పెళ్ళికూతురు తుఫానులో మునిగిపోయి దేవతగా వెలిసిందన్న కథ. దాని మీద కన్నేసి ఉంటారని ఊహించగలను. ఆ దీవి మీద గుడి ఉంది, మకర సంక్రాంతికి జనం పోటెత్తుతారు. అక్కడ దెయ్యం వేషం కట్టి తిరిగితే మనసులు నొచ్చుకుంటాయి. నలబణ పక్షుల అభయారణ్యం, దాని జోలికి పోకూడదు. మిగిలిన చోట్లకైనా చీకటి పడ్డాక అద్దె పడవలో నలుగురు కుర్రాళ్ళు, లైఫ్ జాకెట్లు లేకుండా వెళ్ళడం అంటే నాకిప్పుడే టెన్షన్ పట్టుకుంది. గాలి లేస్తే చిలికా చెరువులా ఉండదు.

దీవి ఎందుకు కావాలి అసలు? డబ్బు లేని దర్శకుడు దీవిని ఎంచుకునేది ఒకే ఒక్క కారణానికి: పాత్రలు పారిపోవడానికి దారి ఉండకూడదు. తుఫాను రాత్రి తలుపు మూసిన ఇల్లు కూడా దీవే. మీ డాబా మీది గది చాలు. బయటి షాట్లు కావాలంటే ఛత్రపురం నుంచి గోపాల్‌పూర్ దాకా తీరం వెంట మొగలి పొదలు ఎన్ని లేవు? ఊడలు దిగి, ఆకుల అంచున ముళ్ళతో, పగలే దారి మూసుకుపోయినట్టుంటాయి. మొగలి పొదల్లో పాములుంటాయన్న మాట వింటూ పెరిగినవాళ్ళం, ఆ భయం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పగటిపూట వెళ్ళండి, తోట యజమానిని అడిగి వెళ్ళండి, చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్ళండి.

సముద్రం ఒడ్డున మాటలు పెట్టొద్దు, పైన చెప్పిన కష్టం మీకూ వస్తుంది. రెండు రోజులు ఒకే సీను తీయాల్సి వస్తే మొదటి రోజు తీసిన టైముకే రెండో రోజు వెళ్తే నీళ్ళు అక్కడ ఉండవు. పోటు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఆ లెక్కన బయల్దేరండి. అన్నిటికంటే ముందు శబ్దం పోగుచేసుకో. మీ డాబా మెట్ల గదికి ఇనుప తలుపు ఉందనీ, గాలికి రాత్రంతా కొట్టుకుంటుందనీ రాశావు కదా. ఈసారి వాయుగుండం వార్త వచ్చిన రాత్రి, ఇంకా గాలి చిన్నగా ఉన్నప్పుడే, ఫోన్‌ని రుమాల్లో చుట్టి ఆ మెట్ల మీద పెట్టి రికార్డు ఆన్ చేసి లోపలికి వచ్చేయ్. తీశాక నాకు పంపు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి పదకొండు దాటాక వింటాను.